చేతిపట్టీ ఎవరికి, చప్పట్లు ఎవరికి?
('అటాక్ ఆన్ టైటన్' అభిమానుల స్పందనపై కొన్ని ఆలోచనలు)

బొమ్మల సీరియల్ గురించి ఈ పేజీల్లో రాయడమేందని మిత్రులు అడగొచ్చు. భూమి, రిజర్వేషన్లు, వర్గీకరణ, అత్యాచారాల నిరోధక చట్టం ఇన్ని ఉండగా జపాను రాక్షసుల కథకు ఇక్కడ పనేమిటని. పని ఉంది. పుట్టుకతోనే ముద్రపడ్డ ఒక జనం, వాళ్ళ చుట్టూ గోడ కట్టిన ఒక వాడ, చేతికి కట్టుకోక తప్పని గుడ్డపట్టీ, రక్తం పరీక్ష చేసి మనిషిని తేల్చే ఆఫీసు - ఇవన్నీ కథాసామగ్రిగా పెట్టుకున్న ఒక సిరీస్‌ను ఎన్నో దేశాల యువతరం చూసింది. కొత్త ఎపిసోడ్ వచ్చిన ప్రతి వారం తీర్పులు చెప్పింది. ఆ తీర్పులు చెప్పినవాళ్ళలో మన హాస్టళ్ళ పిల్లలూ ఉన్నారు. కథ గురించి ఇంగ్లీషులో బాగానే రాశారు. మాకు అంతకంటే ముఖ్యమనిపించింది చూసినవాళ్ళ సంగతి. వాళ్ళు ఎక్కడ ఏడ్చారు, ఎక్కడ చప్పట్లు కొట్టారు, ఎవరిని నోరారా తిట్టారు? చప్పట్లు ఎప్పుడూ ఊరికే పడవు. ఎవరు ఎవరి పక్కన నిలబడి చూస్తున్నారో అవి చెప్పేస్తాయి.

ముందు కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇసయామ హజిమె ఈ కథను 2009 నుంచి 2021 ఏప్రిల్ దాకా మాసపత్రికలో బొమ్మల కథగా గీశాడు. 2013 ఏప్రిల్‌లో అది టీవీకి ఎక్కింది. చివరి సీజన్ 2020 డిసెంబర్‌లో మొదలై, ముక్కలు ముక్కలుగా సాగి 2023 నవంబర్‌లో ముగిసింది. మొదట్లో ఇది మనుషుల్ని తినే టైటన్ల కథ. గోడల నడుమ బతికే జనం, బయట రాక్షసులు. ఎరెన్ అనే పిల్లవాడి తల్లిని కళ్ళ ముందే తినేస్తే, ఆ పిల్లవాడు పగబడతాడు. 2019లో ఎరెన్ తండ్రి నేలమాళిగ తలుపు తెరుచుకున్నాక కథ తలకిందులైంది. రాక్షసులు రాక్షసులు కారు, మనుషులే. గోడల లోపల ఉన్నది మొత్తం మానవజాతి కాదు. సముద్రం అవతల మార్లే అనే రాజ్యం ఉంది. ఆ రాజ్యంలో ఎల్డియన్లనే జాతిని లిబేరియో అనే వాడలో పెట్టి, సైతాను సంతానమని పేరు పెట్టి, వాళ్ళలో దొరికినవాళ్ళకు సూదివేసి టైటన్లుగా మార్చి ఆ పారడిస్ దీవి మీదికి తోలుతున్నారు. దీవిలో ఉన్నవాళ్ళూ ఎల్డియన్లే.

2019 జూన్‌లో వచ్చిన ఎపిసోడ్ దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. ఎరెన్ తండ్రి గ్రీషా చిన్నప్పటి కథ అది. ఆకాశంలో పోయే గాలిఓడను చూద్దామని చెల్లెలు ఫేను తీసుకొని అనుమతి లేకుండా వాడ దాటుతాడు. ఇద్దరు అధికారులు పట్టుకుంటారు. ఒకడు గ్రీషాను తన్ని వదిలేస్తాడు. ఇంకొకడు పాపను ఇంటికి చేరుస్తానని తీసుకుపోతాడు. మర్నాడు పాప శవం ఏటి ఒడ్డున దొరుకుతుంది. తన కుక్కలకు వేశాడని పెద్దయినాక గానీ గ్రీషాకు తెలియదు. ఆ అధికారి ఇంటికొచ్చి పచ్చి అబద్ధం చెప్తుంటే తండ్రి ఏం చేస్తాడు? తల వంచుతాడు. మీరన్నది నిజమే, పిల్లలకు బుద్ధి చెప్పుకుంటానంటాడు. కొడుకును కూర్చోబెట్టి మన పెద్దలు చేసిన పాపం ఇదని పాఠం చెప్తాడు.

ఈ తండ్రిని అభిమానులు తిట్టినంత తిట్టారు. పిరికివాడన్నారు, బానిస అన్నారు. అధికారి మీద ఎంత కోపమొచ్చిందో తండ్రి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. మా గదిలో కూర్చొని చూసిన పిల్లల్లో గూడా ఇద్దరు ముగ్గురు అట్లనే అన్నారు. అన్నవాళ్ళను మేం తప్పుపట్టం. కానీ ఆ తండ్రిని మేం ఎరుగుదుం. మా వాడలో ఆయన పేరు వేరే. దొర పొలం గట్టు మీద నడిచినందుకు కొడుకును కొడితే, కొట్టినవాడి ముందే నిలబడి 'తప్పయింది దొరా, పిల్లగానికి తెలువదు' అన్నవాడు. తప్పు ఎవరిదో ఆ నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు, దొరకు గూడా తెలుసు. ఒక బిడ్డ పోయింది, ఇంకొక బిడ్డ మిగిలిండు, ఆ మిగిలినవాణ్ణి కాపాడుకోవడానికి తన దగ్గరున్నది వంగే నడుమొక్కటే. ఏం జేస్తడు మరి? దాన్ని పిరికితనమనడం సులువు. ఆ వంగిన నడుముల మీదుగానే కదా మాలాంటోళ్ళం బడి గడప, ఆ తర్వాత యూనివర్సిటీ గడప దాటింది. అభిమాని ఈ లెక్క వేయడు. అతడికి సాహసం కావాలి, అదీ వారం వారం కావాలి. వంగినవాడు అతడికి కథలో నడవని పాత్ర.

ఇక పట్టీ సంగతి. లిబేరియోలో ప్రతి ఎల్డియన్ చేతికి పట్టీ ఉంటుంది. చాలామంది విమర్శకులు దీన్ని చూసి నాజీ జర్మనీని, యూదుల నక్షత్రాన్ని గుర్తుచేశారు. పట్టీ మీద నక్షత్రం ఉంది కాబట్టి ఆ పోలిక తప్పు కాదు. కానీ ఒక విషయం వాళ్ళ కంటపడలేదు. ఆ పట్టీలు ఒక రంగువి కావు. మామూలు జనానికి బూడిద రంగు. సైన్యంలో టైటన్ శక్తి కోసం పోటీపడే పిల్లలకు పసుపు. ఎంపికై 'యోధులు' అయినవాళ్ళకు ఎరుపు. ఆ పైన 'గౌరవ మార్లేయులు' అనే హోదా. అందరికంటే పైన టైబర్ కుటుంబం, వాళ్ళూ ఎల్డియన్లే గానీ వాళ్ళకు పట్టీయే లేదు. ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నిచ్చెనమెట్లు. కిందివాడికి పైమెట్టు మీద ఆశ, పక్కవాడి మీద అసూయ, మొత్తం నిచ్చెన మీద మాత్రం కోపం రాకుండా చేసే ఏర్పాటు. అంబేడ్కర్ దీన్ని అంతస్తుల అసమానత అన్నాడు. పీష్వాల కాలంలో అంటరానివాడు మణికట్టుకో మెడకో నల్లదారం కట్టుకోవాల్సి ఉండేదని 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఆయనే రాశాడు. దారమైతేనేం, గుడ్డయితేనేం. తాకకుండా తప్పుకోవడానికి ఎదుటివాడికి గుర్తు కావాలి, ఆ గుర్తును మోసే పని మోసేవాడిదే కావాలి.

ఈ మెట్ల మీద ఎక్కిన పిల్లవాడు రైనర్. 2017లో అతడు ద్రోహి అని బయటపడ్డప్పుడు అభిమానులు మండిపడ్డారు. 2020 డిసెంబర్‌లో అతడి బాల్యం చూపించారు. తండ్రి మార్లేయుడు, తల్లి ఎల్డియన్. ఈ బిడ్డ యోధుడైతే తమకు గౌరవ హోదా వస్తుంది, అప్పుడు ముగ్గురం కలిసి ఉండొచ్చని తల్లి ఆశ. కొడుకు కిందా మీదా పడి ఎంపికవుతాడు. తండ్రిని వెతుక్కుంటూ పోతే, ఆ తండ్రి భయంతో, అసహ్యంతో తరిమేస్తాడు. ఈ ఎపిసోడ్ తర్వాత రైనర్ మీద అభిప్రాయం మారింది. నాలుగేళ్ళు తిట్టినవాళ్ళే అయ్యో అన్నారు. ఈ అభిమానుల చరిత్రలో మాకు నచ్చిన ఘట్టం ఇదే. కష్టపడి చదివి, పరీక్ష నెగ్గి, హోదా తెచ్చుకున్నాక గూడా తలుపు తెరుచుకోకపోవడం ఎట్లా ఉంటుందో మొదటి తరం చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పాలా? ఇంటర్వ్యూ గదిలో ఇంటిపేరు అడిగి, తర్వాత ఊళ్ళో ఇల్లు ఏ పక్కన ఉంటుందని అడిగినవాళ్ళ ముఖాలు మాకు ఇంకా గుర్తున్నాయి.

రైనర్ మీద కరిగినవాళ్ళు గాబి మీద ఎందుకు కరగలేదు? గాబి పన్నెండేళ్ళ పిల్ల. రైనర్‌కు మేనమామ కూతురు. వాడలో పుట్టి, మార్లే బడి చెప్పిందల్లా నమ్మి, దీవిలో ఉన్న దయ్యాలను చంపితే మేం మంచి ఎల్డియన్లమని లోకం ఒప్పుకుంటుందని అనుకుంటుంది. 2021 మొదటి నెలల్లో వచ్చిన ఎపిసోడ్‌లో ఆమె తుపాకికి సాషా బలైంది. సాషా అందరికీ ఇష్టమైన పాత్ర. ఇక చూడండి, ఆ పిల్ల మీద పడ్డ తిట్లు ఏ హంతకుడి మీదా పడలేదు. సాషా చనిపోతే ఏడుపు రావడం సహజం. కానీ దానికి సరిగ్గా ముందు మూడు ఎపిసోడ్లలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. లిబేరియోలో పెద్ద సభ. టైబర్ పెద్ద విల్లీ వేదిక మీద పారడిస్ దీవి మీద యుద్ధం ప్రకటిస్తాడు. ఆ క్షణంలోనే ఎరెన్ నేలమాళిగలోంచి టైటన్‌గా లేచి వేదికను చీల్చుతాడు. ఈ ఎపిసోడ్ చూసినవాళ్ళు కుర్చీల్లోంచి లేచి కేకలు వేశారు. అలా కేకలు వేసే వీడియోలు లెక్కలేనన్ని తీసుకున్నారు.

ఎరెన్ లేచింది ఎక్కడ? వాడలోని ఒక ఇంటి కిందినుంచి. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎల్డియన్లు. రాళ్ళ కింద నలిగిన జోఫియా, జనం కాళ్ళ కింద నలిగిన ఊడో, గాబితో పాటు పసుపు పట్టీ కట్టుకున్న పిల్లలు. మొట్టమొదట చచ్చింది పట్టీ కట్టినవాళ్ళే. చప్పట్లు కొట్టిన చేతులకు ఆ చచ్చిన చేతుల మీది పట్టీ కనపడలేదు. అదే పిల్లల నేస్తం తిరిగి తుపాకి పేలిస్తే మాత్రం కనపడింది. ఇది కథ లోపం కాదని మేం నొక్కి చెప్పదలిచాం. ఇసయామ ఆ చచ్చిన పిల్లల్ని దాచలేదు, ముఖాలు చూపించాడు, పేర్లు పెట్టాడు. చూసేవాడు చూడలేదు. ఎనిమిదేళ్ళుగా మనవాడనుకున్నవాడు చంపితే యుద్ధం, నిన్న వచ్చిన పిల్ల చంపితే పాపం. మన పత్రికల్లో వాడ మీద దాడి జరిగితే 'ఘర్షణ' అని, వాడ తిరగబడితే 'దౌర్జన్యం' అని రాసే భాష ఎక్కడిదో వెతకాలంటే చాలా దూరం పోనక్కర్లేదు.

గాబిని మార్చేది ఎవరు? ఒక అనాథ పిల్ల కాయా. మా అమ్మ ఏం తప్పు చేసిందని టైటన్‌కు బలైందని అడుగుతుంది. గాబి నూరేళ్ళ కిందటి పాపాల గురించి, అంతకుముందు పాపాల గురించి చెప్తుంది. మా అమ్మ ఇక్కడే పుట్టింది, ఎవరినీ ఏమీ అనలేదు, మరి ఎందుకు? అని కాయా మళ్ళీ అడుగుతుంది. గాబి దగ్గర జవాబు లేదు. పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఇంత తక్కువ మాటల్లో ఇరుకున పెట్టిన సన్నివేశం ఈ మధ్య మేం చూడలేదు. దీని మీద అభిమానులు మాట్లాడింది తక్కువ. సాషా తండ్రి కత్తి అందుకోకుండా పిల్లను క్షమించిన సన్నివేశానికి మాత్రం అందరూ చలించారు. దెబ్బతిన్నవాడు క్షమిస్తే లోకానికి ఎప్పుడూ ముచ్చటే.

ఇక్కడ కథ మీద మా అసలు అభ్యంతరం చెప్పాలి. ఎల్డియన్ల రక్తంలో నిజంగానే తేడా ఉంది. వాళ్ళు మాత్రమే టైటన్లుగా మారగలరు. అంటే మార్లే వాళ్ళ మీద వేసిన నింద ఈ కథాలోకంలో సగం నిజం. ఫాంటసీకి ఇదొక పాత రోగం. వివక్ష గురించి చెప్పాలనుకుంటుంది, వివక్షకు గురయ్యేవాడికి ఒక భయంకరమైన శక్తి తగిలిస్తుంది. దాంతో చూసేవాడి నోట 'కానీ' వచ్చేస్తుంది. వాళ్ళను అట్లా బంధించడం తప్పే, కానీ ప్రమాదకరమైనవాళ్ళే కదా. వారం వారం విన్న వాదాల్లో ఈ 'కానీ' మాకు ఎన్నోసార్లు ఎదురైంది. మన దగ్గర కులానికి ఏ శక్తీ లేదు, రక్తంలో ఏ తేడా లేదు. అంటరానితనానికి ఉన్న కారణమల్లా అంటరానిదని చెప్పడమే. ఆ శూన్యాన్ని, ఆ పచ్చి అబద్ధాన్ని ఫాంటసీ పట్టుకోలేకపోతోంది. అబద్ధం మీద నిలబడ్డ వ్యవస్థను చూపించాల్సినచోట ఒక వాస్తవ ప్రమాదాన్ని చూపిస్తే, అభిమాని మంచివాడైనా పోలీసులాగే ఆలోచిస్తాడు.

ఇట్లాంటి శూన్యం జపాన్‌లోనే ఉంది. పాఠకుల్లో కొందరికి తెలిసిందే, బురాకు జనం. చర్మం పని, పశువధ, శవాల పని చేసినవాళ్ళ సంతతి. ముఖంలో తేడా లేదు, భాషలో లేదు, మతంలో లేదు. 1871లో ప్రభుత్వం వాళ్ళను మామూలు పౌరులుగా ప్రకటించింది. 1872 నాటి కుటుంబ రిజిస్టర్లలో మళ్ళీ 'కొత్త పౌరుడు' అని గుర్తు పడింది. 1975లో బురాకు వాడలు ఎక్కడెక్కడున్నాయో జాబితా వేసిన పుస్తకాలను రహస్యంగా కంపెనీలకు అమ్ముతున్నారని బయటపడింది. ఉద్యోగానికి వచ్చినవాడి ఊరు చూసి పుట్టుక తేల్చుకోవడానికి. అదే రక్తపరీక్ష, సూది మాత్రం లేదు. కథలో క్రూగర్ అనే అధికారి ఎల్డియన్ అయ్యుండీ వైద్యుడి సాయంతో రక్తపరీక్ష దాటి, మార్లేయుడిగా బతుకుతాడు. ఇంటిపేరు మార్చుకొని పట్నంలో అద్దె ఇల్లు తీసుకున్నవాళ్ళకు ఆ మనిషి నిద్ర ఎట్లాంటిదో తెలుసు. ఇసయామ బురాకు గురించే రాశాడని మేం అనడం లేదు. ఆయన దేశంలో ఉన్న పుట్టుక వివక్షను పక్కనపెట్టి ఈ కథను యూరప్ దుస్తుల్లోనే చదవడం, చదివి చేతులు దులుపుకోవడం మాకు సరైందిగా అనిపించలేదు.

బురాకు జనం ఊరికే పడి ఉండలేదు. 1922 మార్చి 3న క్యోటోలో సమావేశమై సుయిహేషా అనే సంఘం పెట్టుకున్నారు. సమతలంగా ఉండేవాళ్ళ సంఘమని దాని అర్థం. నల్ల జెండా మీద ఎర్రని ముళ్ళకిరీటం. ఏ పేరుతో తిట్టారో ఆ పేరునే గర్వంగా చెప్పుకునే కాలం వచ్చిందని ప్రకటించారు. మహద్ చెరువు నీళ్ళు ముట్టింది 1927లో, ఐదేళ్ళ తర్వాత. 1994లో ఈదుముడి నుంచి దండోరా కదిలినంక తిట్టుగా వాడిన మాటను పేరు చివర తగిలించుకున్న మనవాళ్ళకు క్యోటో ప్రకటన అర్థం చేసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు. 2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక సభ నాటికి మన ప్రతినిధులు, వాళ్ళ ప్రతినిధులు ఒకే డిమాండు మీద పక్కపక్కన నిలబడ్డారు.

కథలో అట్లాంటి సంఘం లేదు. రహస్య సంఘం ఒకటి ఉంది, గ్రీషా అందులో చేరతాడు. వాళ్ళ కల ఏమిటి? పాత ఎల్డియన్ సామ్రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టడం, రాజవంశపు రక్తాన్ని గద్దె మీద కూర్చోబెట్టడం. నిచ్చెన తీసెయ్యాలని కాదు, పైమెట్టు మాదేనని. ఆ కల కోసం గ్రీషా తన కన్నకొడుకు జీక్‌ను పనిముట్టు చేస్తే, ఏడేళ్ళ ఆ పిల్లవాడే తల్లిదండ్రుల్ని పట్టిస్తాడు.

ఆ జీక్ పెద్దయి చెప్పే పరిష్కారం మీద అభిమానుల స్పందన మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టింది. ఎల్డియన్లకు ఇకమీద పిల్లలు పుట్టకుండా చేస్తే, ఒక తరంలో సమస్య తీరిపోతుంది. పుట్టకపోతే బాధపడాల్సిన పనే లేదు. 2021లో ఈ ఎపిసోడ్లు వచ్చినప్పుడు ఇది తర్కబద్ధంగా ఉందని, రక్తం చిందని మార్గమని మెచ్చినవాళ్ళు తక్కువేం కాదు. చదువుకున్నవాళ్ళే. కులాన్ని నిర్మూలించడం వేరు, కులం మోస్తున్న మనిషిని నిర్మూలించడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఇంత పల్చనగా ఉంటుందని మేం అనుకోలేదు. రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసిపెట్టి పోయిన ఉత్తరం చదివినవాళ్ళకు పుట్టుక మీద మాట ఎంత బరువో తెలుసు. రోహిత్ మాట సమాజం మీద వేసిన నేరారోపణ. జీక్ మాట ఆ సమాజాన్ని నిర్దోషిగా విడుదల చేసే తీర్పు. మార్లే అట్లనే ఉంటుంది, వాడ మాత్రం ఖాళీ అవుతుంది. పీడకుడికి ఇంతకంటే చౌకైన న్యాయం దొరకదు.

జీక్‌కు ఎదురుగా ఎరెన్. మేం చావం, మీరంతా చావండి. గోడల్లో నిద్రపోతున్న మహా టైటన్లను లేపి సముద్రం అవతలి ప్రపంచాన్ని తొక్కించడం. కథలో ఎరెన్ వెంట పోయేవాళ్ళను యేగరిస్టులంటారు. అభిమానుల్లో ఒక పెద్ద గుంపు ఆ పేరే పెట్టుకొంది. పోరాడు అనే అర్థంలో ఎరెన్ అనే 'తతకయె' ఊతపదమైంది. బోధించు, సమీకరించు, పోరాడు అన్న మూడింట్లో ముందు రెండూ కొట్టేసి మూడోదాన్ని చొక్కా మీద అచ్చువేసుకున్నట్టుంది. మన పిల్లల్లో గూడా ఎరెన్ మీద మోజు ఉంది. ఆ మోజును మేం కొట్టిపారెయ్యం. తరతరాలుగా వంగిన ఇళ్ళలో పుట్టినవాడికి ఒక్కసారి లోకమంతా వణికితే చూడాలని ఉంటుంది. అగ్రకుల యువకుడి చప్పట్లు, వాడ పిల్లవాడి చప్పట్లు ఒకే చోట మోగినా ఒకటి కావు. మొదటివాడు బలాన్ని చూసి కొడతాడు, రెండోవాడు బాకీ తీరుతుందని కొడతాడు. కానీ బాకీ తీరిందా? ఆ అడుగుల కింద పడ్డవాళ్ళలో బయటి దేశాల ఎల్డియన్లు ఉన్నారు, కాందిశీకులు ఉన్నారు.

2023 మార్చిలో వచ్చిన భాగంలో రమ్జీ అనే కాందిశీక పిల్లవాడు కనపడతాడు. దొంగతనం చేశాడని ముందే ఒక చెయ్యి తెగినవాడు. వాణ్ణి ఎరెన్ ఒకసారి దెబ్బల నుంచి కాపాడి, తర్వాత వాడి ముందే కూలబడి ఏడ్చి క్షమాపణ అడుగుతాడు, వాడికి ఆ భాష రాదు. ఆ పిల్లవాడు టైటన్ అడుగు కింద పోయేటప్పుడు 'తతకయె' అన్న గొంతులు చాలా మూగబోయాయి. గుడారాల్లో బతికే, ఏ పట్టీ గూడా దక్కని పిల్లవాడి ముఖం ఒక్కటి, మూడేళ్ళ వాదాలు చేయలేని పని చేసింది.

ముగింపు మీద రేగిన గొడవ గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. 2021 ఏప్రిల్‌లో బొమ్మల కథ ముగిసినప్పుడు ఎరెన్ తన ప్రేమ గురించి ఏడ్చాడని చాలామంది ఛీ కొట్టారు. మానవజాతిలో 80 శాతం చచ్చింది, మొత్తం చావలేదేమని గూడా అడిగారు. కొందరు తమకు నచ్చిన ముగింపు తామే గీసుకున్నారు. ఆ చివరి అధ్యాయంలో ఎరెన్ నేస్తం ఆర్మిన్ హంతకుడికి కృతజ్ఞత చెప్పినట్టున్న మాట ఒకటి ఉండింది. 2023 నవంబర్ నాటి టీవీ ముగింపులో అది మారి, ఆ పాపంలో నాకూ వాటా ఉంది, నరకంలో ఇద్దరం కలిసే ఉంటామన్న అర్థానికి వచ్చింది. ఈ మార్పు మంచిదే. రెండువేల ఏళ్ళు రాజుకు ఊడిగం చేసిన బానిస పిల్ల యిమీర్ ఆ రాజును ప్రేమించిందని చెప్పడం మాత్రం మారలేదు. మా ఉద్దేశంలో ఈ కథలో అన్నిటికంటే నీచమైన మాట అది. దొర గడీలో పనిచేసిన ఆడవాళ్ళ కథలు విన్నవాళ్ళెవరూ దాన్ని అంత తేలిగ్గా రాయరు. దీని మీద కోపగించిన అభిమానుల్లో ఆడవాళ్ళు ఎక్కువ కనపడ్డారు, అది ఆశ్చర్యం కాదు.

చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నదే చూపును నిర్ణయిస్తుందని అనడానికి ఇంకో ఉదాహరణ. పిక్సిస్ అనే సేనాని పాత్రకు జపాన్ సామ్రాజ్య సైన్యాధికారి అకియామ యోషిఫురు నమూనా అని ఇసయామ 2010లో చెప్పుకున్నాడు. ఈ మాట కొరియా పాఠకుల దాకా పోయి 2013లో పెద్ద నిరసన లేచింది. జపాన్ పాలన చవిచూసిన దేశం అది. మిగతా లోకానికి పిక్సిస్ సరదా ముసలాయన.

చివరి సీజన్ నడుస్తున్న రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. లిబేరియో చేతిపట్టీని సరుకుగా తయారుచేసి అమ్మకానికి పెట్టారు. అభిమానుల నుంచే విమర్శ వచ్చింది. అమ్మకం ఆపి, వివక్షకు గుర్తయిన వస్తువును అమ్మడం ఆలోచన లేని పని అని క్షమాపణ చెప్పారు. ఎరెన్ కేకలకు చప్పట్లు కొట్టిన జనంలోంచే ఈ అభ్యంతరం గూడా లేచిందని మేం ఒప్పుకోవాలి, సంతోషంగానే ఒప్పుకుంటున్నాం. కథ లోపల పట్టీని తెంపి చూపించమని అడిగినవాళ్ళు తక్కువే అయినా, అంగట్లో పెట్టినప్పుడు కనీసం కొందరికి చెయ్యి మండింది.

ఇప్పుడు జపాన్ అనిమే తెలుగులోకి వచ్చేసింది. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లలో ఆడింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవలేక ఆగిపోయిన పిల్లలు గూడా ఇకమీద చూస్తారు. ఎస్సీ హాస్టళ్ళలో, వెల్ఫేర్ గురుకులాల్లో చదివే పిల్లల దగ్గర దీని మీద మాటలు చాలా ఉన్నాయి. మేం విన్నవి కొన్నే. వాటిని రాసి పంపమని అడుగుతున్నాం. వ్యాసం పద్ధతిలో లేకున్నా పరవాలేదు, మాట్లాడినట్టే రాయండి. ఎరెన్ గురించి అందరూ రాస్తారు. గ్రీషా తండ్రితో మొదలుపెడితే బాగుంటది.